హనుమాండ్లు సారు వణుకు

భయపడటం కూడా ఒక విద్యే అనుకుంటే, దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఆ విద్యలో హనుమాండ్లు సారును మించినవాడు లేడు. మామూలు రోజుల్లో మనిషి నిక్షేపంగా ఉంటాడు. ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉందని తెలిసిందా, ఇక అంతే సంగతులు. ఒక చెయ్యి గుండె మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, "నాకేందో అయితుంది, జర చూడుర్రి" అంటూ కుర్చీలో కూలబడతాడు.

ఆఫీసంటే పెద్దదేం కాదు. మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడ మీద రెండు గదులు. పోచంపల్లి మగ్గాల మీద నేసిన చీరలు, కర్టెన్లు, దుప్పట్లు తెప్పించి షాపులకూ హోటళ్లకూ అమ్ముతారు. ఆఫీసులో అందరికన్నా పాతవాడైన సారు పుట్టి పెరిగింది ఆ మగ్గాల మధ్యనే. కుర్రతనంలో చిటికి కట్టేవాడు. నూలుకు రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు ముక్కతో బిగించి ముడివేస్తారే, అదే చిటికి. రంగులో ముంచి తీశాక ముడి విప్పితే, కట్టిన చోటల్లా తెల్లగా మిగులుతుంది. ఊరొదిలి ఎన్నేళ్లయినా సారు జేబులో దువ్వెన లేకపోవచ్చు గానీ, చిటికి కట్టిన నూలు కట్ట ఒకటి లేకుండా ఉండదు.

ఒకసారి లోను ఇచ్చే ముందు ఆఫీసు చూడటానికి బ్యాంకు మేనేజరు వస్తున్నాడు. లెక్కలు చెప్పాల్సింది అకౌంట్లు రాసే మధు. భయపడిందేమో సారు. దుప్పట్ల మూట మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూశాడు.

"వజ్రమ్మా, నేను పోతే నా స్కూటరు మా తమ్మునికి ఇయ్యుర్రి."

బట్టలు మడతపెట్టే వజ్రమ్మ అట్టముక్కతో విసురుతూ, "మీ స్కూటరు మొన్ననే అమ్మితిరి గద సారూ" అంది.

"అయితే టిఫిన్ బాక్సు ఇయ్యుర్రి."

మధు అరికాళ్లు రుద్దాడు, సోడా తెచ్చాడు, సారు చెవిలో ధైర్యం నూరిపోశాడు. ఈ హడావిడిలో మేనేజరు రానే వచ్చాడు. మధు చేతులు తుడుచుకుని వెళ్లి, గుక్కతిప్పుకోకుండా లెక్కలన్నీ ఒప్పజెప్పేశాడు. అప్పుడు లేచిన సారు, తాగడానికిచ్చిన మజ్జిగలో ఉప్పు తక్కువైందని వజ్రమ్మను కోప్పడ్డాడు.

ఆఫీసులో చేరి ఏడాది కూడా నిండని మౌనికకు మాత్రం ఈ కథలు వింటే నవ్వొచ్చేది కాదు. ఎందుకంటే అసలైన భయం ఆమె దగ్గరే ఉంది. మీర్‌పేట్ నుంచి వస్తుంది, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. తెలిసినవాళ్ల దగ్గర గలగలా మాట్లాడే పిల్లకు, కొత్తవాళ్లు కనిపిస్తే నాలుక మడతపడిపోతుంది. ఒక ఇంటర్వ్యూలో తను చదివిన కాలేజీ పేరే మర్చిపోయింది.

అలాంటి పిల్ల నెత్తిన, తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజుల్లో, పెద్ద బండ పడింది. బస్సుల్లేవు, షాపులు సగం మూత, బేరాలు సున్నా. అప్పుడు విజయవాడ నుంచి ఒక హోటళ్ల యజమానురాలు వచ్చి, ఎల్.బి.నగర్‌లో బంధువుల లాడ్జిలో దిగి, కర్టెన్లు చూపించమని కబురు పెట్టింది. ఓనరు అంతయ్య మౌనికను పిలిచాడు.

"డిజైన్లు నువ్వే ఏరినవ్. నువ్వే మాట్లాడాలె. ఆర్డరొస్తే నీ నౌకరీ పక్కా. రాకుంటే నేనే దుకాణం బంద్ చేసుకునేటట్టున్న బిడ్డా, నిన్నెట్ల ఉంచుకోను? హనుమాండ్లును తోడు తీస్కపో."

తోడట, తోడు! ఆ రాత్రి మౌనిక ముద్ద దిగక పడుకుంది.

తెల్లారి ఆటోలు కూడా లేవు. శాంపిళ్ల సంచులు భుజాన వేసుకుని ఇద్దరూ నడక మొదలుపెట్టారు. మౌనికకు గుండె దడ మొదలైంది. దాని సంగతి చూసుకుందామనుకునేలోపే పక్కనుంచి మూలుగు వినిపించింది.

"బిడ్డా, నా కాళ్లు నా మాట ఇంటలేవు."

"ఏం కాదు సారూ. మెల్లగ నడువుర్రి."

"ఆమె ఏమన్న అడుగుతదా?"

"అడిగితే నేను చెప్త గద."

"నన్ను చూడదు గద?"

చైతన్యపురి దగ్గర నీళ్లు తాగించింది. కొత్తపేట దగ్గర రెక్క పట్టుకుని రోడ్డు దాటించింది. అక్కడ సారు జేబులోంచి ఎర్రరంగు నూలు కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. పొడుగునా బిగువైన ముళ్లే.

"గీ ముళ్లు జర ఇప్పు బిడ్డా. నా చేతులు చూడు, ఎట్ల ఆడుతున్నయో. గవి ఇప్పితే గాని నా పానం కుదుటపడదు."

మౌనికకు జాలేసింది. నడుస్తూనే గోళ్లతో ముళ్లు పీకసాగింది.

ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు. ఇటుకల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, డప్పులు, పాటలు, షామియానా కింద భోజనాల బంతులు. గరిటె పట్టుకున్న జంగయ్య అనే ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు.

"తినకుంట యాడికి పోతరు? మన లడాయి, మన బువ్వ. కూసోర్రి!"

"కడుపుల తిప్పుతుందన్నా, మెతుకు దిగదు" అన్నాడు సారు. రెండు విస్తళ్ల కిచిడీ దిగింది.

మౌనిక ఫుట్‌పాత్ మీద కూర్చుని ముళ్లతో కుస్తీ పడుతోంది. ఇంతలో గాలి లేచింది. షామియానా అంచు ఊడి, మరిగే గంజు మీదికి వాలింది. అరుపులు, కేకలు. మౌనిక తలెత్తేసరికి సారు విస్తరి పక్కన పెట్టి, తాడు అందుకుని, కర్రకు రెండు చుట్లు తిప్పి, వేళ్లతో ఏం చేశాడో కనపడనంత వేగంగా ముడి బిగించేశాడు. ఆ చేతిలో వణుకన్నది వెతికినా లేదు.

"ఏం చెయ్యి పెద్దమనిషీ నీది!" అన్నాడు జంగయ్య.

సారు గతుక్కుమని మౌనిక వైపు తిరిగాడు. ఆమె అప్పటికే తల వంచేసింది. మరుక్షణం ఆయన గుండె మీద చెయ్యేసుకుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

"పట్టుకో బిడ్డా, పడిపోయేటట్టున్న."

మౌనికకు పకపకా నవ్వాలనిపించింది. పొద్దుటి నుంచి తను ఒక్కసారైనా తన భయం గురించి ఆలోచించిందా? తీరిక ఇస్తేగా ఈ మనిషి! ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రెక్క గట్టిగా పట్టుకుంది.

"ఏం కాదు సారూ. నేనున్న గద."

ఆ మాట అంటుంటే తన గొంతు తనకే గట్టిగా వినిపించింది.

లాడ్జిలో ఆ హోటళ్ల యజమానురాలు సూర్యప్రభ గారు, బంధువుల మధ్య కూర్చుని, కర్టెన్లన్నీ తిప్పి తిప్పి చూసింది. "రంగులు బాగున్నాయమ్మాయ్. కానీ ఈ పువ్వుల అంచులేంటి, చెదిరినట్టున్నాయి? మిషను మీదైతే గీసినట్టు వస్తాయి కదా. మా హోటల్లో దిగినవాళ్లు నాసిరకం అనుకోరూ?"

మౌనిక నాలుక మడతపడింది. సరిగ్గా అప్పుడే మూల నుంచి "అమ్మా, నీళ్లు..." అని మూలుగు. అందరూ అటు తిరిగారు. ఆ కాస్త వ్యవధిలో మౌనిక తన పిడికిట్లో ఉన్న నూలు చూసుకుంది. ఒక్క ముడి మిగిలింది.

"మేడం, ఇది చూడండి" అని వాళ్ల ముందే విప్పింది. ఎర్ర నూలు మధ్య తెల్ల మచ్చ బయటపడింది. "ఎంత బిగ్గ కట్టినా రంగు జర లోపలికి పాకుతది. గా చెదురే మనిషి చేత్తో కట్టిండని గుర్తు. గీసినట్టుంటే మిషన్‌ది. మీ హోటల్‌కొచ్చినోళ్లకు ఏది చూపిచ్చి గొప్పగ చెప్పుకుంటరు?"

సూర్యప్రభ గారు నూలు అందుకుని వెలుతురులో పెట్టి చూసింది. "ఇది నేనుంచుకుంటా. మా రిసెప్షన్‌లో అద్దం కట్టించి పెడతా. ఏ రంగు ఎన్ని కావాలో రాసుకో. ముందు ఆ పెద్దాయనకి మంచినీళ్లివ్వండి, పాపం అల్లాడిపోతున్నాడు!"

మర్నాడు ఆఫీసులో మౌనిక వజ్రమ్మను పక్కకు లాగి గుసగుసగా చెప్పింది. "అక్కా, సారుకు వణుకూ లేదు, గిణుకూ లేదు. అంతా మన కోసమే!"

వజ్రమ్మ దుప్పటి మడత ఆపకుండానే అంది. "నీకు గిప్పుడెరుకైందా? మాకందరికి ఎప్పుడో ఎరుక. నా కోడలు కాన్పుకు దవాఖానకు పోయిన్నాడు నాతోని గిట్లనే ముళ్లు ఇప్పిచ్చిండు. సారుతోని అనకు. మనకు తెల్సిందని తెలిస్తే నిజంగనే పరేషాన్ అయితడు."

సమ్మె ముగిసి షాపులు తెరిచాక శ్రవణ్‌కుమార్ అని కొత్తగా ఒకతను చేరాడు. మొదటిసారి పెద్ద షాపుకు శాంపిళ్లు తీసుకెళ్లే రోజు, ఫ్యాను కిందే నిలబడి చెమటలు కక్కుతున్నాడు. లోపలి గది నుంచి కుర్చీ కిర్రుమంది.

"నాకేందో అయితుంది, జర చూడుర్రి..."

"శ్రవణ్! ఉరికిరా! సారుకు మళ్లొచ్చింది!" అని కేకేసింది మౌనిక. శ్రవణ్ సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాడు. మౌనిక మజ్జిగ గ్లాసు తెచ్చి సారు నోటికందించింది. ఆయన ఒక గుక్క తాగి, ఒంటికన్ను తెరిచి ఆమెను చూశాడు.

"ఇయ్యాల ఉప్పు సరిపోయింది" అని మళ్లీ కన్ను మూసుకుని, వణికే చేత్తో జేబు తడుముకున్నాడు.