చంద్రమండలంలో వాగుడుకాయ

యావన్మంది ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ పొద్దు సాయంత్రం మదనపల్లెలో పుంగనూరు ఆఖరి బస్సు ఇద్దురిని వదిలేసి పోయింది. ఒగడు నేను, ఇంగొకరు మా ఎదురింటి టైలరు ఖాదర్ సాబు.

తప్పంతా కాఫీ హోటల్లో రేడియోది. మద్రాసు నుంచి నాటకం వస్తాండాది. ఒగడు ఒంటిగా చంద్రమండలానికి పోయినాడంట. పోయినోడు గమ్మునుండకుండా, "ఆహా, తలుపు తెరుస్తున్నాను! అయ్యో, నా కాలు జారుచున్నది!" అని వాడికి వాడే చెప్పుకుంటాండాడు. కాలు జారితే జారినోడికి తెలీదా?

"ఎవురన్నా గుడ్డ కత్తిరిస్తా 'ఆహా, కత్తిరిస్తున్నాను' అంటారా సాబూ? లెయ్, బొగ్గుతో నడిచే బస్సు, కదిలేదానికి అప్పుడే బొగ్గు రాజేస్తాండారు" అంటి.

"ఉండప్పా, వాణ్ణి కిందికి దిగనీ. ఒంటిగా ఉండాడు పాపం."

"ఒంటిగా ఉంటే నోరు మూసుకోని ఉండాల."

"ఒంటిగా ఉండేటోడే కదప్పా మాట్లాడేది. మా ఆవిడ పోయినప్పటినుంచి నేను పొయ్యితో మాట్లాడతా లేదా?"

ఇంతలో బస్సు పోయింది. నాటకమన్నా తేలిందా అంటే అదీ లేదు. వాణ్ణి ఆడే వదిలేసి, మిగిలింది వచ్చేవారం అన్నారు. ఇట్లాంటి వాగుడు మీరెవురన్నా ఇంటారా, నిజం చెప్పండప్పా.

నేనూ నిజం చెప్తా. రేడియో, నాటకం, బస్సు పోయింది, అన్నీ జరిగినాయి. మాటలు మాత్రం మార్చి రాసినా. లెయ్ లెయ్ అనింది ఖాదర్ సాబు. ఆయన భార్య బంగారంగా ఉండాది, ఇంటికాడ అన్నం పెట్టుకోని కాచుకోనుంటాది. పొయ్యితో మాట్లాడేది నేను.