పెద్దమ్మ సగం కబురు

సెల్‌ఫోన్ తెరమీద సిగ్నల్ గీతలు రెండు నిలబడితే చాలు, ప్రపంచం మన గుమ్మంలోకి వచ్చేసిందనుకునే రోజులవి. జగదల్‌పూర్‌లో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని మా ఊరు భోపాలపట్నం తిరిగొచ్చిన నేను, మా వైపు సంతల గురించి ఒక వెబ్‌సైట్ తయారుచేశాను. పైన జలపాతం బొమ్మ, దాని కింద బస్తర్ వైభవం మీద పొడవాటి హిందీ వ్యాసం (రాసిన నాకే సగం అర్థమయ్యేది కాదు), అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె. వారం తిరిగేసరికి ఆ అంకె పదకొండుకు చేరింది. తొమ్మిదిసార్లు చూసింది నేనే. మిగిలిన రెండూ నాన్న ఫోన్ తీసుకుని నేను చూసినవి. ప్రకటనలకు పైసా ఇవ్వనని నాన్న ముందే తేల్చేశాడు. "దసరా దాంక చూస్త. జనం రాకుంటే మన కిరాణా దుకాన్ల కూసో," అన్నాడు. ఉప్పూ పప్పుల మధ్య కూర్చోవడం నామోషీ అని గట్టిగా నమ్మిన వయసు నాది.

అమ్మకు అక్క, మా పెద్దమ్మ, సంత సంతకూ తిరిగి గాజులమ్మేది. చదువు లేదు గానీ ఒకరితో గోండీ, ఇంకొకరితో దోర్లీ, బడి మాస్టర్లతో హిందీ, మాతో తెలుగు, ఊపిరి తీసుకున్నంత సులువుగా మాట్లాడేది. నా దిగులు చూసి, "ఏందిరా, దాంట్ల ఏముంది?" అని అడిగింది. బస్తర్ గొప్పతనం ఉందన్నాను. "ఈడ ఉన్నోళ్లకు ఈడి గొప్పతనం ఎందుకురా? రేపు బండి వస్తదా రాదా, అది చెప్పు. నా దగ్గరికి గాజులకని ఎవరు రారు బిడ్డా. పక్కూరి కబురు కోసం వస్తరు. కబురు విన్నంక చెయ్యి చాపుతరు."

ఆ మాటతో వ్యాసం తీసిపారేశాను (వైభవానికి ఏ లోటూ రాలేదు). రోజూ సాయంత్రం పెద్దమ్మ ఫోన్‌లో చెప్పే కబుర్లు పెట్టడం మొదలుపెట్టాను. ఏ వాగు పొంగింది, ఏ బస్సు సగం దారిలో వెనక్కి తిరిగింది, ఏ సంతకు చింతపండు బాగా దిగింది, అంతే. ఆమె గాజులు చుట్టే పాత కాగితాల మీద వెబ్‌సైట్ పేరు రబ్బరు ముద్ర వేసిచ్చాను. మిగతాది ఆమె నేర్పు. అడిగినవాళ్లకు సగమే చెప్పేది. "వాగైతే పొంగింది. బండి ఎప్పుడు నడుస్తదో ఆ కాయితం మీద పేరున్నది, ఫోన్ల చూసుకో," అని పొట్లం చేతిలో పెట్టేది. ముందు జీపు డ్రైవర్లు వచ్చారు, తర్వాత లోపలి ఊళ్లలో పనిచేసే మాస్టర్లు, ఆ తర్వాత చింతపండు కోసం కిరందుల్ ఇనుప గనుల టౌన్‌షిప్ నుంచి ఆంధ్రా కుటుంబాలు. అంకె పరుగెత్తింది, దాంతోపాటు నా తలకాయ కూడా ఉబ్బింది.

తల ఉబ్బితే ఏమవుతుందో ఆ వారమే తెలిసింది. పెద్దమ్మ బాసగూడ సంతకు వెళ్లి రాత్రికి అక్కడే ఆగింది. అక్కడ సిగ్నల్ లేదు, కబురు రాలేదు. ఆమె లేకపోతే మాత్రమేం అని క్యాలెండర్ తీశాను. కొత్త పంట తినే పండుగ సరిగ్గా మద్దేడు సంత రోజునే పడింది. పండుగనాడు సంత పెట్టరు కదా అని, "ఈ వారం మద్దేడు సంత ఒక రోజు ముందే" అని రాసేశాను. ఆ పండుగ ఏ ఊరికి ఆ ఊరి పూజారి చెప్పిన రోజున జరుగుతుందని, క్యాలెండర్‌ని ఎవరూ అడగరని ఇక్కడే పుట్టి పెరిగిన నాకే గుర్తు రాలేదు.

తెల్లారగానే నా ప్రతాపం చూసుకుందామని మద్దేడు వెళ్లాను. జీపుల నిండా మూటలు, కుండలు, ఎండుచేపలు. ఊరివాళ్లేమో పండుగా లేదు, సంత రేపు కదా అని వింతగా చూస్తున్నారు. ఎండుచేపలాయన ఫోన్ పైకెత్తి, "ఎవడు రాసిండు ఇది?" అని అరుస్తున్నాడు. నేను టీకొట్టు వెనక నక్కాను. అప్పుడే బాసగూడ వైపు నుంచి వచ్చిన జీపులోంచి పెద్దమ్మ దిగింది. ఆ గుంపును చూసింది, టీకొట్టు వెనక నన్నూ చూసింది. "నేనే చెప్పిన. తప్పు నాదే," అంది. ఇన్నేళ్లలో ఒక్క కబురు తప్పు చెప్పని మనిషి, నా కోసం తన మాట పోగొట్టుకుంది. "వచ్చినం గదా, పరుచుకుందాం పాండ్రి," అని తన దుప్పటి పరిచి గాజులు పెట్టింది. ఒక్కొక్కరే మూటలు విప్పారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు దిగారు. లేని సంత నిండుగా సాగింది. మర్నాడు అసలు సంతా జరిగింది.

"నువ్వెందుకు మీదేసుకున్నవ్ పెద్దమ్మా?" అని తిరుగు దారిలో అడిగాను. "నా మాట ఒక్కసారి తప్పితే మన్నిస్తరు. నీది ఇంక నిలబడనే లేదు గదరా," అంది. దసరాకు నాన్న నన్ను దుకాణంలోకి పిలవలేదు.

ఇప్పుడు జగదల్‌పూర్‌లో నలుగురికి వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. జనాన్ని ఎలా రప్పించాలని అడిగితే గొంతు సవరించుకుని పెద్ద పెద్ద మాటలే చెబుతాను. పెద్దమ్మ మాత్రం ఇప్పటిదాకా నా వెబ్‌సైట్ తెరవలేదు. మొన్న ఫోన్ చేతికిస్తే, "అన్ని నేను చెప్పినవే గదరా, మళ్ల నాకేం చూపిస్తవ్," అని తిరిగిచ్చింది. నేనైతే ఈ వయసులో కూడా, ఎవరూ చూడకుండా రోజుకొకసారి తెరిచి, ఆ అంకెను ఒకటి పెంచుకుంటూనే ఉన్నాను.