కళ్ళకద్దుకోని బాక్సర్

మా అమ్మాయి వెళ్ళే క్లైడ్ నార్త్ బాక్సింగ్ జిమ్‌లో తోలు గ్లవ్స్ వాసన తగలగానే పక్కింటి బిల్ అంకుల్ పాత తోలు సోఫా గుర్తొస్తుంది. చిన్నప్పుడు అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను ఆయన దగ్గరే ఉండేదాన్ని.

ఓ రోజు ఆయన పాత హెవీవెయిట్ పోటీ టేపు పెట్టారు. మధ్యలో రిఫరీ ఒక బాక్సర్‌ని డిస్‌క్వాలిఫై చేసి పంపేశాడు. ఎందుకో తనకి ఇప్పటికీ అంతుపట్టలేదన్నారు అంకుల్.

నాకు తెలిసిపోయింది. వాడి కాలు అవతలివాడికి తగిలింది. ముట్టుకుని కళ్ళకద్దుకోలేదు! మా ఇంట్లో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఈ దేశపు స్కూల్లో నేనలా చేస్తే అందరూ నవ్వేవారు. అయినా అంకుల్‌కి చేసి చూపించాను.

ఆయన నవ్వలేదు. "దట్స్ ఇట్, లవ్!" అన్నారు, ఇక్కడి పెద్దవాళ్ళు పిల్లల్ని ముద్దుగా పిలిచినట్టే. ఆ తర్వాత తన కాలు నాకు తగిలినప్పుడల్లా నా భుజం తాకి, ఆ పెద్ద చెయ్యి కళ్ళకద్దుకునేవారు.

ఆ బాక్సర్ కొట్టకుండా తప్పించుకు తిరిగాడనే పంపేశారని పెద్దయ్యాక ఎక్కడో చదివాను. అంకుల్‌కీ ఆ రోజే తెలిసి ఉంటుంది.

ఇవాళ మా అమ్మాయి రింగులో ఎదుటి పిల్ల కాలు తొక్కింది. "సారీ మేట్" అంటూ గ్లవ్‌తోనే ముట్టుకుని కళ్ళకద్దుకుంది. దానికి ఆ అలవాటు నేర్పింది నేనే. సిగ్గుపడకుండా చెయ్యొచ్చని నాకు నేర్పింది అంకుల్.