గీతకు చోటు దొరకని ఊరు

కాటా అక్కకు అబద్ధం చెప్పడం చేతకాదని రేవులో అందరికీ తెలుసు. అందుకు కారణం నీతి కాదు, ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ రేవు గేటు పక్కన లారీలు తూచే కాటా గదిలో కూర్చుంటోంది. నిండు లారీని ఒకసారి, ఖాళీ లారీని ఒకసారి తూచి, తేడా చీటీ మీద వేసి చేతిలో పెడుతుంది. "ఓ వంద కిలోలు అటూ ఇటూ చూడరాదూ అక్కా" అని ఎవరైనా నసిగితే, "నన్నడిగి ఏం లాభం? పోయి కాటాను బతిమాలుకో" అంటుంది.

ఏడేళ్ళ కిందట ఒక ఎరువుల కంపెనీ ఓడనిండా అమ్మోనియం నైట్రేటు తెచ్చి, ఆరో గోదాములో బస్తాలు పేర్పించి, ఆ తరవాత మూతపడింది. పద్ధెనిమిది వందల నలభై టన్నులు. లోపలికి వెళ్ళిన ప్రతి లారీనీ తూచింది అక్కే. సరుకుతో బయటికొచ్చిన లారీ ఒక్కటీ లేదని తెలిసిందీ అక్కకే. మేనేజర్లు మారారు, కాగితాలు చెదలు తిన్నాయి, అక్క లెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక ఆదివారం పేపర్లో అణుబాంబులు కాకుండా ప్రపంచంలో జరిగిన అతి పెద్ద పేలుళ్ళ గురించి రాశారు. పప్పు పొయ్యి మీద పెట్టి చదవడం మొదలుపెట్టిన అక్క, అది మాడిన వాసన వచ్చేదాకా తల ఎత్తలేదు. వాటిలో సగానికి సగం పేలుళ్ళకు కారణం ఆరో గోదాములో ఉన్న సరుకే. ఆ వారంలోనే గేటు దగ్గర నోటీసు అంటించారు. వచ్చే సోమవారం నుంచి ఆరో గోదాము కప్పుకు వెల్డింగు.

అక్క పరుగున వెళ్ళి మేనేజరుకు చెప్పింది. ఆయన కొత్తగా వచ్చాడు, మెతక మనిషి, కసిరే రకం కాదు. "పొలాల్లో చల్లే ఎరువే కదమ్మా. ఏడేళ్ళుగా ఏమైంది? ఏమీ కాలేదుగా" అని నవ్వి పంపించేశాడు.

నోటిమాట వినకపోతే కంటికి కనపడేట్టు చెప్పాలనుకుంది అక్క. అట్టముక్క మీద పేలుళ్ళ పట్టిక రాసి కాటా గది గోడకు తగిలించింది. ఆవిడకు తెలిసిన కొలత బరువొక్కటే, కనుక సరుకు బరువునుబట్టే వరస వేసింది. ఓపావు, హాలిఫాక్స్, బీరూట్, టెక్సస్ సిటీ, వాటి కింద ఎర్ర అక్షరాలతో ఐదోది, 'మన రేవు'.

రేవు మొత్తం వణికిపోతుందనుకుంది. మనుషుల సంగతి కాటా మీద తేలదు. మధ్యాహ్నానికల్లా గది ముందు జనం మూగారు. హారన్ అని అందరూ పిలిచే లారీ డ్రైవరైతే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"ప్రపంచం మొత్తంలో ఐదోదా మనది! ఇంకో ఐదు వందల టన్నులు దింపితే టెక్సస్‌ను కొట్టేస్తాం కదక్కా?"

"నీ తలకాయ! పేలితే చెప్పుకోవడానికి నువ్వుంటావా?" అని అరిచింది అక్క. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సాయంత్రానికి పక్క రేవువాళ్ళతో పందేలు కూడా కాశారు. అక్కకు ఒళ్ళు మండి, పట్టికను పీకి చెత్తబుట్టలో పడేసింది.

శనివారం అన్నం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. సిటీబస్సు నడిపే మొగుడు ఓదార్చడం రాక, ఉన్న మాట అన్నాడు.

"బరువు చెబితే ఎవరికి తెలుస్తుందే? ఎంత దూరమో చెప్పు. బస్సెక్కేవాళ్ళు అడిగేది అదే."

అక్క మళ్ళీ పేపరు తీసింది. టెక్సస్ సిటీ పేలుడుకు పదహారు కిలోమీటర్ల దూరంలోని ఊళ్ళో సగం కిటికీలు పగిలాయని ఉంది. ఎక్కువ చెప్పిందనిపించుకోవడం ఇష్టంలేక దాన్ని సగం చేసింది. ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ రోడ్డుకు అడ్డంగా గీత గీసి, 'అద్దాలు ఇక్కడిదాకా పగులుతాయి' అని రాద్దామనుకుంది. ఆదివారం పొద్దున్నే లారీ నంబర్లు రాసే సుద్దముక్క పట్టుకుని రేవు గేటు దగ్గర మొగుడి బస్సే ఎక్కింది.

కూరగాయల బజారు దాటింది. ఆసుపత్రి, రెండు బడులు, అక్క సొంత చెల్లెలి కుట్టుమిషను కొట్టు దాటాయి. చివరి స్టాపు వచ్చింది. మొగుడు మీటరు చూసి, "ఏడు" అన్నాడు. అవతల అన్నీ చేలే. గీత రాకముందే ఊరు అయిపోయింది. అక్క సుద్దముక్క పట్టుకుని స్టాపులోనే కూర్చుండిపోయింది.

దుమ్ముకు దూరంగా ఉంటుందని మేనేజరు ఇల్లు తీసుకున్నది ఆ స్టాపు ఎదురుగానే. పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తూ ఆయన అక్కను చూసి ఆగాడు.

"మీరిక్కడేంటమ్మా, ఆదివారం పూట?"

"గీత గీద్దామని వచ్చానండీ. చోటు దొరకలేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఇంట్లోకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చాడు. ముందుగదిలో గోడంత కిటికీ, దాని పక్కనే కుర్చీలో ఆయన తల్లి. రోజంతా రోడ్డు చూడటమే ఆవిడకు కాలక్షేపం. అక్క ఆ అద్దాన్ని చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఆరో గోదాము పేలితే అద్దాలు ఇక్కడిదాకా పగులుతాయండీ. హాలిఫాక్స్‌లో ఓడ తగలబడుతుంటే జనం ఇలాగే కిటికీల దగ్గర చేరి చూశారటండీ. పేలగానే అద్దాలు మొహాల మీదికొచ్చాయి. వేలమందికి కళ్ళకు దెబ్బలు."

"ఏడేళ్ళుగా ఏమీ..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"ఓపావులో గడ్డకట్టిన ఎరువును డైనమైటు పెట్టి పగలగొట్టేవాళ్ళటండీ. దగ్గరదగ్గర ఇరవై వేలసార్లు ఏమీ కాలేదు. ఆ తరవాత ఒక్కసారి అయింది. ఊళ్ళో చాలామటుకు ఇళ్ళు మిగల్లేదు."

పెద్దావిడ కొడుకు వంక చూసింది. "ఒరేయ్, ఆవిడ ఇంతదూరం వచ్చి చెబుతుంటే గుంజలా నిలబడతావేం? రేపెవరో నిప్పురవ్వలు రాలుస్తారని నువ్వేగా చెప్పావు! ముందు ఆ పని ఆపించు."

మేనేజరు కిటికీ వంక, తల్లి వంక చూశాడు. చేతిలో పాల ప్యాకెట్టు అలాగే ఉండగా ఫోను తీశాడు.

సోమవారం వెల్డింగు మొదలవలేదు. నెల తిరిగేసరికి కొండ అవతలి కర్మాగారం ఆ బస్తాలు తీసుకోవడానికి ఒప్పుకుంది. లారీలు కదిలాయి. రోజుకు పదేసి, తొంభై రెండు లారీలు. ఆఖరి లారీ వెళ్ళాక అక్క చీటీలన్నీ కూడి, "ఆరు వందల కిలోలు తగ్గాయి. పోయి ఊడ్చుకు రండి" అంది. హమాలీలు గొణుక్కుంటూనే ఊడ్చారు. మూలమూలలా చిరుగుబస్తాల్లోంచి రాలిన ఎరువు గుళికలు దొరికాయి. తూచితే ఆరు వందల పైచిలుకు, దుమ్ముతో కలిపి. అప్పుడు గానీ అక్క సంతకం పెట్టలేదు.

ఆ ఊడ్పు పట్టుకెళ్ళే లారీ హారన్‌ది. చీటీ కోసం వచ్చినవాడు చొక్కాలోంచి అట్టముక్క తీశాడు. అక్క చెత్తబుట్టలో పడేసిన పట్టిక! గొప్పగా చూపించుకోవడానికి ఇన్నాళ్ళూ లారీలో దాచుకున్నాడట. అక్క సుద్దముక్కే తీసుకుని, ఐదో వరస మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఓడిపోయాం కదక్కా!"

"ఓడిపోయాంరా నాయనా, ఓడిపోయాం" అంది అక్క, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.

వాడు లారీ ఎక్కి, ఊరంతా వినపడేలా హారన్ మోగించి వెళ్ళిపోయాడు. ఆ మోతకు కాటా గది కిటికీ అద్దం గలగలమంది. అక్క దాని మీద చెయ్యి ఆనించి, అదురు తగ్గేదాకా ఉంచి, తరవాతి లారీని రమ్మని సైగ చేసింది.