రెండో అంకం

మా హార్మోనియం సారు పోయాడన్న కబురు నాకు బడిలో తెలిసింది. మూడో పీరియడు ముగించి స్టాఫ్ రూములోకి వచ్చేసరికి ఫోను నిండా మెసేజీలు. మా ఆళ్లగడ్డ వాళ్ళ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు, కొవ్వొత్తులు, తెల్ల పావురాలు వరసగా వచ్చి పడుతున్నాయి. "ఎవరినీ పల్లెత్తు మాట అనని శాంతమూర్తి" అని ఒకాయన రాశాడు. అది చదివి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ రాసిన మనిషిని సారు నిండు రిహార్సల్లో "నీది గొంతా, బోరింగు పిడా?" అని అడగడం నేను నా చెవులతో విన్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నాకు చేతకాదు. సారు నోటి దెబ్బ తినని కళాకారుడు మా వైపు లేడు. అందరికంటే ఎక్కువ తిన్నదాన్ని నేను. ఇవాళ నంద్యాలలో నా తరగతిలో నేను పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా నోరు మూసుకుని వింటారు. అది కూడా ఆయన పెట్టిన భిక్షే. ఈ రెండూ కలిపి రాయగలనేమో చూస్తాను.

ఆయనది, మాది ఒకే చర్చి. ఆదివారం పొద్దున ఆరాధనలో హార్మోనియం వాయించేవాడు. మిగతా రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకాలు నేర్పించి, ఆడించేవాడు. దేవుని పాటలకు వాయించే చేతులతో ఆ రాజులూ రాణులూ నాటకాలేమిటని ఒకసారి పాస్టరుగారు నిలదీశాడు. "పెట్టె సంఘానిది, చేతులు నావి అయ్యగారూ. పెట్టె ఈడ్నే పెట్టి పోతా, చేతులు తీస్కపోతా" అన్నాడు సారు. నాటకాలకు ఆయనకు వేరే హార్మోనియం పెట్టె ఉండేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చర్చిలో నా పాట విని, బయట చెప్పులు వేసుకుంటున్న మా అమ్మతో "ఈ పిల్లను రేప్పొద్దు నుంచి నా కాడికి అంపియ్యి" అన్నాడు. అడగడం కాదు, చెప్పడం. మా అమ్మ ఆసుపత్రిలో ఆయా. ఎవరు గట్టిగా మాట్లాడినా సరేననే అలవాటు ఆమెది. అలా నేను వడ్ల మిల్లు వెనక రేకుల గదిలోకి వెళ్ళి పడ్డాను.

ఎండాకాలం ఆ రేకుల కింద మధ్యాహ్నం రెండు గంటలకు రిహార్సలు. సారు నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. తప్పు పాడితే తిట్టే ముందు ఆ లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చేవాడు. అది చూడగానే మేమందరం తలలు దించుకునేవాళ్ళం. నేను సినిమాల పిచ్చిదాన్ని. పద్యంలో ఎక్కడ సందు దొరికినా సినిమా పాటలోలాగా ఒక విరుపు పెట్టేదాన్ని. లవంగం మారేది.

"గొంతు చూపియ్యద్దు మ్మే. మాట చూపియ్యి. రాగమనేది మాట ఎక్కే బండి. బండిని చూసి ఎవురన్నా ఏడుస్తారా?"

ఒకరోజు రాణి అడవిలో బిడ్డను వెతుక్కునే పద్యం పాడుతూ నేను నిజంగానే ఏడ్చేశాను. మెచ్చుకుంటాడనుకున్నా. "ఏడ్సాల్సింది నువ్వు కాదు, ముందర కూచ్చున్నోళ్ళు. నువ్వు ఏడ్సుకుంటా పోతే వాళ్ళకేం పని?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ తరగతిలో నాకు పనికొస్తోంది. అన్న తీరు మాత్రం ఇప్పటికీ గుచ్చుతోంది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నంద్యాలలో పద్యనాటకాల పోటీ పెట్టారు. నాకు రాణి వేషం. నాలుగు నెలలు నేర్చుకున్నాను. మా అమ్మ డ్యూటీ చీర అమ్మకానికి పెట్టినంత పని చేసి నాకు జరీ అంచు చీర కొనిపెట్టింది. పోటీ రోజు పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో అందరం నిలబడి ఉంటే అప్పుడే వచ్చిన బస్సులోంచి ఒకామె దిగింది. పేరున్న స్టేజీ నటి. సారు ఆమె సంచీ అందుకుని నా వైపు తిరిగాడు.

"రాణి ఈయమ్మ చేస్తాది. నువ్వు ఎనకాల చెలికత్తెల్లో నిలబడు."

"ఎందుకు సార్?" అన్నాను.

"నీది సినిమా గొంతు. పోటీలో పనికి రాదు. బస్సెక్కు."

అందరూ విన్నారు. వేరే ఎవరైనా అయితే ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. నేను బస్సెక్కాను. నంద్యాలలో దిగాక వాళ్ళు హాలు వైపు నడుస్తుంటే నేను మెల్లగా వెనకబడి, ఇంకో రోడ్డు పట్టుకుని మ్యాట్నీకి వెళ్ళాను. ఒక పల్లెటూరి పిల్ల పట్నం వచ్చి గాయని కావడం కథ. అడుగడుక్కీ పాటలే. ఒళ్ళో జరీ చీర ఉన్న సంచీ పెట్టుకుని, మూడు గంటలూ పళ్ళు కొరుక్కుంటూ చూశాను. ఆ రోజు నుంచి అదే నా ప్రాణమైన సినిమా. సారు దగ్గరికి మళ్ళీ పోలేదు. చర్చిలో ఎదురుపడినా నమస్తే పెట్టలేదు.

ఇది జరిగిన ముప్ఫై ఏళ్ళకు ఆయన నంద్యాలలో మా వీధిలోకే వచ్చాడు. భార్య పోయింది, కళ్ళు మసకబారాయి. నర్సుగా పనిచేసే కూతురు తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు డ్యూటీ. "అక్కా, ఆ నాలుగు గంటలు నాయనను మీ ఇంట్లో కూర్చోబెట్టుకుంటావా? వేరే వాళ్ళతో ఆయనకు పడదు" అని అడిగింది. నాతో మాత్రం పడుతుందని ఎలా అనుకుందో! అయినా ఒప్పుకున్నాను. జాలితో కాదు. మూడు దశాబ్దాలుగా ఆయనకు ఒక సినిమా చూపించాలని నాకు కసిగా ఉండింది.

మొదటి ఆదివారం గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని, "ఏం టీచరమ్మా, ఇంగా కూనిరాగాలు తీస్తాండావా?" అన్నాడు. అదీ పలకరింపు.

ఒక ఒప్పందం పెట్టుకున్నాం. ఒక వారం ఆయనకు నచ్చిన నాటకం, ఒక వారం నాకు నచ్చిన పాటల సినిమా. ఇష్టమున్నా లేకున్నా చివరిదాకా వినాలి, మధ్యలో లేవకూడదు. నాటకాల పాత రికార్డింగులు ఆయన చెబితే నేను ఫోనులో వెతికేదాన్ని. ఆయనకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కావాలి. బజ్జీ మెత్తగా ఉంటే "ఇది గూడా సినిమా బజ్జీనే" అనేవాడు.

మేము ఎప్పుడూ మర్యాదగా విన్నది లేదు. "ఒక్క పద్యానికి పావుగంట రాగమా సార్? ఆలోపు రాజు యుద్ధం గెలిచి ఇంటికి వచ్చేస్తాడు" అనేదాన్ని. "యుద్ధం ఎవురికి కావాల? ఆ రాగం కోసరమే గదా రాజు బతికేది" అనేవాడు. నా వంతు వచ్చినప్పుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముఖం చిట్లించి, "ముప్పైమంది వయొలినోళ్ళు ఒక పిల్ల మింద పడి కొడ్తాండారు గదమ్మే. ఆ పిల్ల మాట యాడ ఇనపడ్తాది?" అనేవాడు. నేను వంటింట్లో గిన్నెలు కావాలని చప్పుడు చేసేదాన్ని. నా మీద కోపంతో ఆయన కుర్చీ చేతి మీద ఉంగరంతో టకటకా కొట్టేవాడు.

ఒక నిజం కూడా రాయాలి. ఆయన వినిపించిన ఒక నాటకంలో, రాజ్యం పోయిన రాజు తన గుర్రాన్ని అమ్ముకునే పద్యం ఉంది. అది వస్తున్నప్పుడు నేను పొయ్యి ఆర్పేసి గుమ్మంలో నిలబడిపోయాను. సారుకు నేను సరిగ్గా కనబడను గానీ చప్పుళ్ళు ఆగిపోవడం తెలిసింది. మరుసటి వారం నా వంతున నేను పెట్టిన సినిమాలో ఒక జోలపాట అయిపోయాక, "అది ఇంగోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. రెండోసారి విని "మొదట్సారే బాగుంది" అన్నాడు.

చివరికి నా సినిమా పెట్టాను. ఆ మ్యాట్నీ సినిమా. ఆయన ఎప్పుడూ లేనిది ఒక్క వంక కూడా పెట్టకుండా చివరిదాకా విన్నాడు. ఆపేసి చెప్పాను. "పోటీ రోజు మీరు నన్ను చెలికత్తెల్లో నిలబెడితే, నేను హాలుకు రాకుండా చూసిన సినిమా ఇదే సార్."

లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారింది.

"ఆ పొద్దు నువ్వు తొందరపడి పోయినావ్. మొదటి అంకం ఆయమ్మతో ఆడిచ్చి, రెండో అంకంలో నిన్ను దించుదామనుకుంటి. అడవి పద్యాలన్నీ దాంట్లోనే గదా ఉండేది. చూస్తే నువ్వు లేకపోతివి."

తప్పు చేసింది ఆయన. ముప్ఫై ఏళ్ళు మోసింది నేను. ఇప్పుడు తప్పు కూడా నాదేనట. నేను ఆ రోజు హాలుకు వెళ్ళి ఉంటే రాణినయ్యేదాన్నట.

"లేవండి సార్. మా ఇంట్లోంచి వెళ్ళండి" అన్నాను.

"సినిమా అయిపాయ గదా, పోతాండాలే" అని లేచాడు. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకోలేదు. ఎనభై దాటిన, కళ్ళు కనబడని మనిషిని అలా పంపినందుకు నాకు సిగ్గుగానే ఉంది. ఆ రోజు మాత్రం లేదు.

నాలుగు ఆదివారాలు రాలేదు. ఐదో ఆదివారం తానే గోడ తడుముకుంటూ వచ్చి, గేటు దగ్గర నిలబడి "ఈ వారం ఎవురి వంతు?" అన్నాడు. "మీదే" అన్నాను. అంతే. క్షమాపణ ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాటకం పెట్టాను. ఆ నాటకం అయ్యేదాకా ఇద్దరం ఒకరినొకరు తిట్టుకోలేదు. నాకదే బాధనిపించింది.

తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రిలో పెట్టారు. పది రోజులు ఉన్నాడు. నేను వెళ్ళలేదు. పని వల్ల కాదు, ఆ రెండో అంకం మాట కడుపులో ఇంకా మండుతూనే ఉంది. పోయాక వాళ్ళమ్మాయిని అడిగాను, నన్ను అడిగాడా అని. లేదంది.

ఆళ్లగడ్డలోనే మట్టి చేశారు. సమాధుల తోటకు ఆనుకుని శనగ చేను. ప్రార్థన అయి, శవపెట్టె దించి, మట్టి పూడ్చడం కూడా అయిపోయింది. వాళ్ళమ్మాయి నా భుజం పట్టుకుని, "అక్కా, ఒక్క పద్యం పాడవా?" అంది.

"పాడను" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్నదోలా చూశారు. చూడనీ అనుకున్నాను.

జనం కదులుతుండగా ఆటోలోంచి ఒక ముసలాయన దిగాడు. కోయిలకుంట్ల నుంచి బస్సు దొరక్క ఆలస్యమైందట. గుర్తుపట్టాను. సారు నాటకాల్లో రాజు వేషం వేసేవాడు. పోటీ రోజు కూడా ఆయనే రాజు. మట్టి కుప్ప చుట్టూ ఒకసారి నడిచి వచ్చి నన్ను చూసి ఆగాడు.

"నువ్వు రాణి యేషం పిల్లవు గదూ?"

"వేయలేదు తాతా. నేర్చుకున్నానంతే" అన్నాను. ఆ మాట అన్నాక ఆగలేకపోయాను. "ఆ పోటీలో రెండో అంకానికి నన్ను దించాలనుకున్నారా సారు?"

"రెండో అంకమేంది?" అన్నాడాయన. "యేషం మధ్యలో మార్చేదానికి పోటీలో ఒప్పుకోరు. మొత్తం ఆయమ్మే చేసింది. చెలికత్తెల గుంపులో ఒకరు తగ్గితే ఎవురు చూస్తారు? నువ్వు పోయిన సంగతి తిరిగొచ్చే బస్సులో గదా మాకు తెలిసింది! అప్పుడు సారు నిన్ను తిట్టను గూడా తిట్టల్యా. కిటికీ కాడ కూచ్చోని, ఆళ్లగడ్డ వచ్చేదాంక ఎవురితోనూ మాట్లాడల్యా."

అంటే ఆ రెండో అంకం ఆయన ఎప్పుడో తర్వాత కట్టుకున్నాడు. ఎప్పుడు కట్టుకున్నాడో నాకు తెలియదు. బహుశా కళ్ళు పోయి ఒంటరిగా కూర్చున్న రోజుల్లో, నాకు వేషం ఇచ్చినట్టు, నేనే అందుకోనట్టు. తప్పయింది అని ఒక్క మాట అనడానికి బదులు ఒక అంకమంతా రాసుకున్నాడు. అది కూడా నన్నే తప్పు పట్టేటట్టు! ఆ మట్టి కుప్పను చూస్తూ, ఈ మనిషితో ఇంకో పదేళ్ళు పోట్లాడాల్సింది కదా అనుకున్నాను.

ముసలాయన కండువా సర్దుకుని మట్టికి ఎదురుగా నిలబడ్డాడు. "శ్రుతి ఎవురిస్తారప్పా?" అన్నాడు. హార్మోనియం చర్చిలో ఉంది. ఒక కుర్రవాడు ఫోనులో ఏదో శ్రుతి పెట్టి ముందుకు చాపాడు. "అది నా చెవికి ఆనదు నాయనా" అన్నాడాయన. ఎవరూ కదల్లేదు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, నోరు కొంచెం తెరిచి.

నేను పక్కకు వెళ్ళి నిలబడి "ఆ..." అని శ్రుతి పట్టాను. పాడలేదు. శ్రుతే పట్టాను.

ఆయన ఎత్తుకున్నాడు. గొంతు మొదటి పాదంలోనే చీలింది. అయినా కుడి చెయ్యి స్టేజీ మీద రాజు ఎత్తినట్టే పైకి ఎత్తాడు. రెండో పాదం అందుకునే లోపల శనగ కట్టెలు వేసుకున్న ట్రాక్టరొకటి పెద్ద చప్పుడుతో చేను గట్టు మీదకు వచ్చింది. ఆయన ఆపేశాడు. నా వైపు చూడకుండానే, నువ్వు ఆపవద్దన్నట్టు ఎడమ చేతి వేలు కదిపాడు. ట్రాక్టరు మెల్లగా మమ్మల్ని దాటుతోంది. మట్టి దుమ్ము లేచి ఇద్దరి మీదా పడుతోంది. ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన అది పోయేదాకా ఎదురుచూస్తున్నాడు. నేను ఊపిరి దొంగిలించుకుంటూ ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని నిలబడ్డాను.