మునియా పిచ్చుకేనని నేను చెప్పిన ఆదివారం

ఎగిరే ప్రతిదాన్నీ దాని దాని జాతి చొప్పున పుట్టించి, ఒక్కొక్కదాని గొంతులో ఒక్కొక్క కూత పెట్టి, ఏ పిట్ట ఎక్కడ నేల రాలినా ఎరిగి ఉండే తండ్రికి స్తోత్రం. మా అక్క చేతి మీది మచ్చను మాన్పినందుకు ఆయనకు స్తోత్రం. ఇక్కడ రాసేదానిలో కోపం ఉంది. అది ఆయనకు తెలిసినదే కనుక మీ దగ్గర దాచను.

ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం లేస్తున్న రోజులవి. మేము నాచారంలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. బావ చనిపోయాక అక్క మా దగ్గరే ఉండి, పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేది. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివి, ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారం అందరం ఉప్పల్‌లో మా సహవాసానికి, అంటే మా సంఘ ఆరాధనకు, వెళ్ళేవాళ్ళం. ఒక పెయింట్ల దుకాణం పైన పొడుగాటి హాలు. కింద చాపలు, ముందు బల్ల, బల్ల మీద ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసంతో ఒకే ఒక్క గిన్నె. మొదట బ్రదర్లు, తరువాత సిస్టర్లు ఆ గిన్నెలోంచే ఒక్కొక్క గుక్క తాగి, అంచు తుడిచి, పక్కవాళ్ళకు అందిస్తారు.

అక్క ఎడమ మోచేతి కింద ఒక మచ్చ లేచింది. పొయ్యి మీది నూనె దాని మీద చిట్లినా ఆమెకు తెలియలేదు. దవాఖానాలో చూసి కుష్ఠు అన్నారు. ఏడాది పాటు నెలనెలా ఒక అట్ట మాత్రలు ఇస్తామనీ, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదనీ, భయపడవద్దనీ డాక్టరు చెప్పింది. సంఘంలో ఎవరికీ చెప్పవద్దని నేను అక్కను బతిమాలాను. ఆమె వినలేదు. "ఒక్క గిన్నెల తాగెటోళ్ళం, దాచిపెట్టి ఎట్ల తాగాలెరా?" అని తనే వెళ్ళి సంఘ పెద్దతో చెప్పింది.

ఆయన ఒక ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. లేఖనాలు అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు. నాకు వాక్యం నేర్పింది ఆయనే. అది చెప్పకుండా ఆయన్ని తిడితే నాది న్యాయం కాదు.

"సిస్టర్, నువ్వు రా, కూసో, పాట పాడు. గిన్నె మాత్రం ముట్టకు" అన్నాడు ఆయన.

అక్క ఏడాదికి పైగా తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, ఆఖరి చాప మీద కూర్చుంది. గిన్నె ఆమె ముందు వరుస దాకా వచ్చి వెనక్కి మళ్ళిపోయేది. ఆ ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం నేను ఆ గిన్నెలోంచి తాగాను.

మాత్రలు అయిపోయాయి. మచ్చ పాలిపోయింది. జబ్బు నయమైందని డాక్టరు కాగితం రాసి ఇచ్చింది. నేను దాన్ని పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు.

"గీ పేపర్ సర్కారుది బ్రదర్. బల్ల దేవునిది. కుష్ఠు బాగైనోళ్ళను లోపలికి తీసుకునేటందుకు మోషే ధర్మశాస్త్రంల ఒక పద్ధతున్నది. యాజకుడు సూస్తడు, రెండు పిట్టలు తెచ్చి ఒకదాన్ని కోస్తరు, ఒకదాన్ని ఇడుస్తరు."

"మనం ధర్మశాస్త్రం కింద లేము కదన్నా?"

"నాకు నువ్వు చెప్తవా? రెండు పిట్టలల్ల ఒకదాన్ని కోసుడు సిలువ మీదనే అయిపోయింది. ఇగ ఇడిసేది ఒక్కటే మిగిలింది. గది జేస్తే సంఘంల అందరి మనసు నిమ్మళమైతది. నీదేం పోతది?"

నేను అక్కడే కాళ్ళు పాతుకుని నిలబడవలసింది. క్రీస్తు శుద్ధి చేసినదాన్ని పిట్ట వచ్చి శుద్ధి చేయాలా అని అడగవలసింది. వాక్యం తెలిసిన నోరే నాది. కానీ పని తొందరగా అయిపోతుందన్న ఆశతో "ఏ పిట్టన్నా?" అని అడిగాను.

"పిచ్చుక" అన్నాడు. మన తెలుగు బైబిలులో పవిత్రమైన పక్షులు అని మాత్రమే ఉంటుంది. ఆయన దగ్గరున్న పాత ఇంగ్లీషు బైబిలు అంచున మాత్రం, చిన్న అక్షరాలలో, పిచ్చుకలు అని కూడా అనవచ్చని ఉంది. ఆ అంచు మీద వేలు పెట్టి చూపించాడు. ఇక ఇంకే పిట్టా కుదరదన్నాడు.

నాచారంలో అప్పటికే పిచ్చుకలు లేవు. బియ్యం దుకాణాల ముందు, పాత పెంకుటిళ్ళ చూరుల్లో, కాప్రా చెరువు దాకా వెతికాను. చివరికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర సైకిలుకు పంజరాలు కట్టుకుని తిరిగే పిట్టలాయన కనబడ్డాడు. పంజరంలో గుంపుగా చిన్న పిట్టలు. గోధుమరంగు వీపు, రొమ్ము మీద చేప పొలుసుల్లా తెల్ల చుక్కలు, లావుపాటి ముక్కు. వరి కంకుల మీద వాలేవి. మునియాలంటారు, పుస్తకాలలో జీనువాయి అని ఉంటుంది. అడవి పిట్టలను అమ్మడం తప్పని నేను బడిలో పిల్లలకు చెప్పేవాణ్ణే.

"పిచ్చుక కావాలె భాయ్."

"గివి పిచ్చుకలే అన్నా, జర రంగు ఫరక్, అంతే. జోడీ తీసుకో, ఒక్కటుంటే ఉదాసైతది."

ఒక్కటే తెచ్చాను. పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళి పంజరం మీది గుడ్డ ఎత్తాను. ఆయన వంగి చూశాడు.

"గిది పిచ్చుకనా? పుట్టినకాంచి పిచ్చుకలను సూస్తున్న. బుట్టాల చీరె కట్టుకున్నట్టు గా చుక్కలేంది?"

నాకు డిగ్రీ పాఠం గుర్తుకొచ్చింది. మేము చదివిన పుస్తకంలో గూడు అల్లే గిజిగాడు, పిచ్చుక, మునియా మూడూ ఒకే కుటుంబం. గింజలు చిదిపే మొద్దు ముక్కులను చూసి మూడింటినీ ఒక్కచోట చేర్చారు. అదే చెప్పాను.

"నీ మాట నాకొద్దు. గా పుస్తకం తే. వచ్చే ఐతారం సంఘం ముందట సదువు. పిచ్చుకల కుటుంబమే అని తేలితే మీ అక్క ఆ రోజే గిన్నె తాగుతది" అన్నాడు.

నా పుస్తకం ఎప్పుడో పోయింది. మేడిపల్లిలో ఉండే మా లెక్చరర్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయనది కోస్తా. అటకెక్కి దుమ్ము దులిపి ఆ పాత పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"ఇదెందుకండీ మాస్టారూ ఇప్పుడు? ఇందులోని ఆ కుటుంబం ఎప్పుడో ముక్కలైపోయింది. గిజిగాడిది వేరు, పిచ్చుకది వేరు, మునియాది వేరు. ముక్కు చూసి మోసపోయారన్నమాట. ఒకే రకం తిండి తింటే ముక్కులూ ఒకేలా తయారవుతాయి. మునియా పిల్ల నోరు తెరిస్తే లోపల చుక్కలూ గీతలూ ఉంటాయి, పిచ్చుక పిల్లకుండవు. పిచ్చుక నాలుకలో ఒక చిన్న ఎముక ఎక్కువ, మునియాకది లేదు. ఇప్పుడు జన్యువులు కూడా చూస్తున్నారు. మూడూ దగ్గరి బంధువులే కానీ, ఒక ఇంటివి కావు."

నరం లేని నాలుక అంటారు. ఎముక ఉన్న, వంగని నాలుక పెద్దాయనదని నాకు వెంటనే తోచింది.

ఆయన కొత్త పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాడు. "ఇది పట్టుకెళ్ళండి, పాతది నేనే తూకానికి వేద్దామనుకుంటున్నా" అన్నాడు. నేను కొత్తది బల్ల మీదే వదిలేసి, పాతదాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ వారం అంతా అక్క మునియాకు కొర్రలు వేసింది. అది పాడేటప్పుడు గొంతు ఉబ్బుతుంది, ముక్కు కదులుతుంది, పంజరానికి చెవి ఆనిస్తే తప్ప వినబడదు. పాటల పిట్టల్లో ఇంత చిన్న పాట ఇంకొకదానికి లేదేమో. అక్క చెవి ఆనించి వినేది. "పాపం, ఎవ్వలకు వినవడకున్నా పాడుతనే ఉన్నదిరా" అనేది. ఆదివారానికి తెల్లచీర ఉతికి ఇస్త్రీ చేయించుకుంది. అది చూశాక కూడా నేను నోరు తెరవలేదు. చూశాను కనుకే తెరవలేదు.

ఆదివారం సంఘం ముందు నిలబడి పాత పుస్తకంలోని పేరా చదివాను. తెలుగులో అర్థం చెప్పాను.

"అయితే పిచ్చుక, గిది ఒక్క ఇంటివే అంటవు" అన్నాడు పెద్దాయన.

"ఒక్క కుటుంబమే."

"దేవుని ముందట చెప్పు."

"దేవుని ముందే చెబుతున్నా."

సంఘం హల్లెలూయా అంది. హాలుకు ఆనుకుని రోడ్డు వైపు బాల్కనీ ఉంది. అందరూ అక్కడికి వచ్చారు. అక్క పంజరం తలుపు తెరిచి, పిట్టను రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థించి చేతులు విప్పింది.

అది ఎగరలేదు. రెక్కలు టపటపా కొట్టుకుంటూ, రాయిలా కాకపోయినా రాయి కంటే కొంచెం నెమ్మదిగా, తిన్నగా కిందికి పోయి రోడ్డు మీద పడింది. ఒక ముసలి సిస్టర్ "అయ్యో దేవా" అంది.

పెద్దాయన వెనక్కి తిరిగాడు. ఆయన ముఖంలో బాధ లేదు. నేను చూశాను. "సూసిన్రు గద అందరు? దేవుడు ఒప్పుకోలే."

నాలో ఏదో తెగింది. "రెక్కలు కత్తిరించి అమ్మిండన్నా వాడు! ఎగిరిపోకుంట కత్తిరిస్తరు. దీంట్ల దేవున్ని ఎందుకు తెస్తవ్?" అని అరిచాను. పైకి ఎగరవలసిన పిట్టను కొని, వారం ఇంట్లో పెట్టుకుని, ఒక్కసారి కూడా దాని రెక్క విప్పి చూడని సైన్సు మాస్టరును నేను.

ఆయన అరవలేదు. అందరినీ లోపలికి పిలిచి చాపల మీద కూర్చోబెట్టాడు. టైమ్‌కీపర్ కదా, ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలబెట్టి అడిగినట్టు అడిగాడు.

"గట్లనే అనుకుందాం. రెక్కల సంగతి ఇడిసిపెట్టు. బల్ల ఇంకా ఎత్తలే, రొట్టె గక్కడనే ఉన్నది. దాని ముందట ఒక్క మాట చెప్పు తమ్మీ. గిది పిచ్చుకనా, కాదా?"

చాప మీద అక్క నా వైపు చూస్తోంది. ఔనంటే ఇంకొక పిట్టను తెచ్చే దారి ఉండేదేమో.

"కాదు" అన్నాను. "కొత్త పుస్తకంలో వేరే కుటుంబం. నాకు తెలుసు. తెలిసే చదివాను."

"ఎప్పటిసంది తెలుసు?"

"మంగళవారం నుంచి."

ఆయన సంఘం వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. "అన్న గిట్ల, చెల్లె గట్ల" అని వెనక నుంచి ఒక బ్రదర్ అన్నాడు. ఆమె నాకు అక్క అని కూడా తెలియని మనిషి. నన్ను ఆ రోజే బల్ల నుంచి వెలివేశారు. అక్కను ఏమీ అనలేదు. అనవలసిన పని లేకుండానే ఆమె సంగతి ముగిసిపోయింది.

అక్క సంఘంలో ఎన్నడూ నోరెత్తని మనిషి. మా సహవాసంలో ఆడవాళ్ళు మాట్లాడరు. ఆమె నిలబడి, "అన్నా, నా చెయ్యి బాగుచేసింది దేవుడు. మాత్రలు మింగింది నేను. నడుమల పిట్టేం జేసింది?" అంది. జవాబు కోసం ఆగలేదు. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళి, ఆటోలను చేత్తో ఆపి, వంగి ఆ మునియాను కొంగులోకి తీసుకుంది. మళ్ళీ పైకి ఎక్కలేదు.

నాచారం దాకా నడిచే వచ్చాం. ఇండస్ట్రియల్ గేటు దాటాక అంది: "ముందుగాల చెప్పుంటే నేనే వద్దంటుంటిరా. నా జబ్బు నేను దాయలే. నువ్వు పిట్ట పేరు దాస్తివి." ఆ తరువాత ఆ సంగతి ఇంతవరకూ ఎత్తలేదు. పిట్ట నాలుగో రోజు చచ్చిపోయింది.

కొన్ని నెలలకు కాప్రాలో ఒక సహవాసం అక్కను చేర్చుకుంది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న గ్లాసు ఇస్తారు. డాక్టరు కాగితం ఎవరూ అడగలేదు. మొదటి ఆదివారం ఆమె ఆ గ్లాసును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. "చల్లగున్నది" అంది బయటికి వచ్చాక. అయినా ఆమెకు కావలసింది ఆ గ్లాసు కాదని నాకు తెలుసు. తన వాళ్ళు తాగిన గిన్నె కావాలి. అది ఆమెకు ఇప్పటికీ రాలేదు. దాన్ని ఆపింది పెద్దాయన. ఆపడానికి సాకు ఇచ్చింది నేను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్ బస్టాపులో ఆయన కనబడ్డాడు. చేతికర్ర వచ్చింది. "వందనాలు బ్రదరూ, అక్క మంచిగున్నదా?" అన్నాడు, నిన్ననే ఆరాధనలో కలిసినట్టు. నేను బస్సు నెంబర్లు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను వచ్చిన బస్సు ఎక్కేశాను.

ఇంటికొచ్చి అక్కకు చెబితే అక్క నన్నే కోప్పడింది. ఆమె రోజూ పొద్దున ప్రార్థనలో ఆయన పేరు ఎత్తుతుంది. ఆయన మోకాళ్ళ కోసం, ఆయన సంఘం కోసం అడుగుతుంది. పక్కనే మోకరించిన నేను మిగతావాటన్నిటికీ ఆమెన్ అంటాను, ఆ పేరు దగ్గర నోరు మూసుకుంటాను. దేవుని ముందు అబద్ధం చెప్పడానికి తెరుచుకున్న నోరు అది. ఇది చదివే మీరు విశ్వాసులైతే, ఉన్నచోటనే ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి. తండ్రీ, ఆ గిన్నెను ఆమెకు ఇప్పించు. ఆ మనిషి మీద నాకున్న ద్వేషాన్ని నేను వదలలేకపోతున్నాను, నువ్వే తీసుకో. నా చేత ఆ ఒక్క ఆమెన్ అనిపించు. నేను అనలేని చోట మీరు అనండి.