కాఫీ కంపు కొట్టిన రోజులు

ఎలక చచ్చిందనే అనుకున్నాను.

విజయనగరంలో నేను పనిచేసే కాఫీ షాపులో, పొద్దున్నే గింజలు పొడి చేసే మిషను మూత తీశాను. లోపల్నించి వచ్చిన కంపుకి వెనక గోడకి అతుక్కుపోయాను. మురిక్కాలవ గట్టున రబ్బరు కాలుస్తూ, పైన కుళ్ళిన ఉల్లిపాయలు పారబోస్తే ఎలా ఉంటుందో అలాంటి కంపు. ఫ్రిజ్ జరిపాను, సింకు కింద దూరాను. చేతిలో చీపురుతో నేల మీద బోర్లా పడుకుని ఉండగా ఓనరు వచ్చారు.

"ఏటమ్మా, షాపు తెరవకుండా సాష్టాంగం పడిపోయావు?"

"ఎలక సార్. ఎక్కడో చచ్చింది. మీకు కంపు రావట్లేదా?"

ఆయన గట్టిగా ఊపిరి పీల్చారు. "కాఫీ వాసన వస్తోంది. ఏం బావుంది!"

గుప్పెడు గింజలు తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. నేను సింకు దగ్గరికి పరిగెత్తాను. ఇంట్లో తిని బయల్దేరిన చద్దన్నం సింకు పాలయింది.

ఎలక కాదు. కాఫీయే.

నేను బరిస్టాని, అంటే కాఫీ చేసిపెట్టే మనిషిని. ఆ పేరు విని మా పల్లెలో 'బారులో సేరిందంట' అని మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ ముక్కులకి వేళ్ళయినా అడ్డున్నాయి, నా ముక్కుకి అదీ లేదు. మా షాపులో కాఫీ అంటే పాలూ పంచదారా కాదు. అరకు కొండల గింజలో పువ్వుందా, పండుందా, బెల్లముందా అని వెతుక్కుంటూ తాగే కాఫీ. రోజూ షాపు తెరవకముందు మొదటి కప్పు నేనే చెంచాతో జుర్రున లాగి, పొడి సన్నమో బరకో తేల్చాలి. రుచి చూడ్డమే పని కాబట్టి, చేదు అనుభవాలకే నాకు జీతం.

ఈ కంపుకి కొన్నాళ్ళ ముందు వచ్చిన విషజ్వరంలో వాసనలు మొత్తం పోయాయి. తర్వాత తిరిగొచ్చాయి గానీ, ఇలా తిరగబడి వచ్చాయి. డాక్టరు గారు తాపీగా చెప్పారు. దెబ్బతిన్న వాసన నరాలు మళ్ళీ మొలిచేటప్పుడు కొందరికి దారి తప్పుతాయట. ఎక్కువమందికి కాఫీ మీదే దెబ్బ పడుతుందట.

"ఎప్పటికి తగ్గుతుందండీ?"

"తగ్గొచ్చు. ఎప్పటికో చెప్పలేం."

ముక్కుసూటి మనిషినని పేరు నాకు. ఇప్పుడు ముక్కే వంకర పోయింది.

ఓనరు దగ్గర ఏదీ దాచలేదు. ఆయన భోగాపురంలో విమానాశ్రయం వైపు కొత్త షాపు పెడుతున్నారు. అది నా చేతుల్లో పెడతానని అంతకు ముందే మాటిచ్చారు. మా పల్లె నుంచి సైకిలు మీద వెళ్ళొచ్చు. నేను అప్పుడే కలలో గోడలకి రంగులు కూడా వేసేశాను.

"అక్కడ నేను రోజూ ఉండలేనమ్మా. మొదటి కప్పు రుచి చూసే మనిషి కావాలి. తెరిచేలోగా నీ ముక్కు దారిలో పడితే షాపు నీదే. లేకపోతే ఇంకొకరిని చూసుకోక తప్పదు."

న్యాయంగానే చెప్పారు. అందుకే తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

అసలు దెబ్బ ఆ సాయంత్రం ఇంటి దగ్గర తగిలింది. మాది సముద్రపు ఒడ్డు. అమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది, చీపురుపల్లి సంతదాకా వెళ్ళి అమ్ముతుంది. కాఫీ పక్కన ఏ వాసన ఉన్నా లాగేసుకుంటుంది గనక మా పనిలో తలకి నూనె వద్దు, జడలో మల్లెలు వద్దు. ఎండుచేప సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని షాపు బట్టలు మూత బిగించిన స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళి అక్కడ మార్చుకునేదాన్ని. ఆ సాయంత్రం అమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయాను. కమ్మగా, అచ్చం ఎలా ఉండాలో అలాగే ఉంది వాసన! లోకమంతా తలకిందులైతే, నేను డబ్బాలో మూత పెట్టి తప్పించుకున్న వాసనొక్కటే నిటారుగా నిలబడింది. అన్నం ముందు కూర్చుని ఏడ్చాను.

"ఏటే గుంటా, ముల్లు గుచ్చుకున్నాదా?"

చెప్పాను. అమ్మ పెనం దించింది.

"నా పెళ్ళైన కొత్తలో నానూ ఇలాగే వాంతులు సేసుకున్నాను. మా కన్నోరింట పచ్చిసేపే గాని ఎండుసేప లేదు. మీ నాయనింట అడుగెడితే గుట్టలు గుట్టలు. పారిపోదునా? ఎల్లి దాని పక్కనే కూకున్నాను. కూకోగా కూకోగా అదే ఊరుకున్నాది. నువ్వూ తెచ్చుకో నీ కాఫీ. పక్కనెట్టుకు కూకో."

ఎండుచేపల పక్కన కాఫీ! మా వృత్తిలో అంతకన్నా పాపం లేదు. అయినా తెచ్చుకున్నాను. అమ్మ వల మీద చేపలు తిరగేస్తుంటే నేను పక్కన కాఫీ కలుపుకుని, ముక్కు మూసుకోకుండా గుక్క గుక్కా తాగేదాన్ని. కొన్నిసార్లు ఇసక పాలయ్యేది.

షాపులో మాత్రం పొడి బరువుకి త్రాసునీ, నీళ్ళు పోసే లెక్కకి గడియారాన్నీ నమ్ముకున్నాను. నా చేతులు కాఫీ చేసేవి, ఓనరు నాలుక సరే అనేది.

కొత్త షాపులో బల్లలు దిగిన రోజు, సాయంత్రం ఓనరు చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చారు. ఇంకొకరిని పెట్టేశానని చెప్పడానికే వచ్చారనుకున్నాను. పైగా ఇన్నాళ్ళూ ఆయన ముక్కుకి తగలకుండా దాచిన చేపలన్నీ వాకిలి నిండా ఆరేసి ఉన్నాయి. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు.

"ఓలమ్మో, మీ సారా? రండి బాబూ, కూకోండి. ఒసే, కాఫీ ఎట్టు!"

కలిపి ఇచ్చి, నాకూ ఒక గ్లాసు పోసుకున్నాను. ఆయన రుమాలు తీసి ఒక గుక్క తాగి, బిక్కమొహం వేశారు.

"ఏమీ తెలీట్లేదమ్మా. అంతా చేపే."

"నాకు రోజూ ఇంతే సార్," అంటూ నా గ్లాసు ఎత్తాను. కంపు వచ్చింది, ఎప్పట్లాగే. కానీ దాని అడుగున సన్నగా ఇంకొకటి కదిలింది. మళ్ళీ తాగాను. ఉంది.

"కమలా తొక్క," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సార్, ఇందులో కమలా తొక్క ఉంది!"

"కాఫీలో కమలాపండేటే? మతి గాని పోనాదా?" అంది అమ్మ.

ఆయన మళ్ళీ తాగారు, కళ్ళు మూసుకుని మరీ. తల అడ్డంగా ఊపారు. "నీ ముక్కు సంగతి కనుక్కుందామనే వచ్చాను. కానీ నువ్వు చెప్పింది నిజమో కాదో తేల్చే ముక్కు ఇక్కడ నాకు లేదమ్మా. రేపు షాపులో చూద్దాం."

తెల్లారగానే షాపు తలుపు తీసి, అవే గింజలు పొడి చేసి, కప్పు ఆయన ముందు పెట్టాను. ఆయన చెంచాతో జుర్రున లాగారు.

"కమలా తొక్కే," అన్నారు.

నేను స్టూలు మీద కూలబడ్డాను. ఆయన కప్పు దించి, ఇటూ అటూ వాసన చూసి, నా వైపు వంగారు.

"ఇంకోటి కూడా వస్తోందేంటమ్మా?"

చూసుకుంటే, కంగారులో బట్టలు మార్చుకోలేదు. స్టీలు డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రి వాకిట్లో చేపలు ఎత్తిపెట్టిన బట్టలతోనే వచ్చేశాను.

"క్షమించండి సార్, బట్టల డబ్బా ఇంట్లో మర్చిపోయాను."

"సర్లే," అని జేబులోంచి కొత్త షాపు తాళాలు తీసి బల్ల మీద పెట్టారు. "అక్కడికి మాత్రం ఆ డబ్బా తేవడం మర్చిపోకు."